కాళ్లు తడవకుండా దివిసీమ

ఆన్‌లైన్ లోకాల్లోకి కాపురం మార్చేవాళ్లకి గడప దగ్గర కాళ్లు కడుక్కునే పని ఉండదు. అక్కడ దుమ్ము లేక కాదు, కాళ్లే లేక. ఫేస్‌బుక్ కంపెనీ 2021 అక్టోబరు 28న మెటా అని పేరు మార్చుకుని, ఆ డిసెంబరులో హొరైజన్ వరల్డ్స్ అనే లోకానికి తలుపులు తీసింది. అందులో తిరిగే మనుషులు నడుం దాకానే ఉండేవాళ్లు, ఆ కింద గాలి. కాళ్లొస్తున్నాయహో అని 2022 అక్టోబరులో చాటింపు వేశారు, అవి వచ్చేసరికి మరుసటేడు వానాకాలమైంది. జనం నవ్వుకున్నారు గానీ నాకు మాత్రం ముచ్చటేసింది. ఊడ్పుల రోజుల్లో దివిసీమ పొలంలో అడుగేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. పట్నం నుంచి వచ్చిన కొత్తల్లుడైతే కాలు లాక్కుంటాడు, చెప్పు అక్కడే ఉండిపోతుంది. జలగ పడితే ఉప్పు కోసం పరుగు. ఇన్ని బాధలు తప్పించుకోవడానికి ఏకంగా కాళ్లే తీసేయొచ్చని మా రైతుల్లో ఒక్కడికీ తట్టలేదంటే చదువు లేకే.

కాబట్టి ఊరి ఫోటో ఏది పెట్టినా నడుం పై నుంచే తియ్యండి. వెనక పచ్చటి చేను, దాని వెనక తాటిచెట్లు, మెడలో అప్పుడే విప్పిన కొత్త తువ్వాలు. కింద ఏముందని అడిగేవాడు ఆ లోకంలో తగలడు.

ఎక్కడ నిలబడాలన్నది తర్వాతి ప్రశ్న. ఆ కంపెనీ యజమాని మార్క్ జుకర్‌బర్గ్ 2022 ఆగస్టులో తన బొమ్మని ఈఫిల్ టవర్ బొమ్మ ముందు నిలబెట్టి ఫోటో తీసి అందరికీ చూపించాడు. ఫ్రాన్సులోనూ స్పెయిన్‌లోనూ ఆ లోకం తెరిచిన సందర్భం అది. బొమ్మ కళలేకుండా, గుడ్లప్పగించి చూస్తున్నట్టుందని జనం ఆడిపోసుకుంటే కొద్దిరోజుల్లోనే ఇంకాస్త నదురుగా ఉన్న మొహం చేయించుకున్నాడు. ఆయనకి చిలకలపూడి తిరణాల సంగతి చెప్పినవాళ్లు లేకపోయారు. బందరు పక్కన చిలకలపూడిలో కార్తీకంలో పాండురంగడి ఉత్సవాలు జరుగుతాయి. అక్కడికొచ్చే ఫోటోవాళ్ల దగ్గర అట్టతో చేసిన విమానం ఉండేది. దాని కిటికీలోంచి తల బయటికి పెడితే చాలు, ఆకాశంలో ఉన్నట్టే. మా నాయనమ్మ, తాతయ్య అలా ఎగిరిన ఫోటో ఇప్పటికీ మా నడవలో ఉంది. "నవ్వొద్దమ్మా, గాల్లో ఉన్నారు" అన్నాడట ఫోటో తీసినాయన. నాయనమ్మ కదలకుండా, చిలకలపూడి ముక్కుపుడకతో, నేల వదిలి చాలా దూరం వచ్చేసిన మనిషిలా చూస్తూ ఉంటుంది. పాపం ఆయన కెమెరా కాస్త కిందికి దించాడు. విమానం అడుగున నాలుగు పాదాలు, మడమల దాకా ఎండిన బురదతో, స్పష్టంగా కనిపిస్తాయి. మెటావాళ్లకి అంతకాలం పట్టిన కాళ్లు మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్నాయి.

చిలకలపూడి ఎలాగూ వచ్చింది కాబట్టి బంగారం మాట కూడా. ఈ లోకాల్లో బంగారు నాణేలు, మెరిసే తుపాకీలు, పట్టుచొక్కాలు అసలు డబ్బు పోసి కొనాలి. కొనండి, తప్పు లేదు. గిల్టు నగ ఎలా పుడుతుందో బందరువాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. అయితే గిల్టు కింద కనీసం రాగి ఉంటుంది, కరువొస్తే ఆ రాగైనా తూకానికి పోతుంది. ఇక్కడ ఆ దిగులు కూడా లేదు.

వ్యవసాయం చెయ్యాలనుకుంటే మాత్రం దీన్ని మించిన నేల దొరకదు. 2009 జూన్‌లో జింగా కంపెనీ ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్ ఆట పెట్టినప్పుడు మా వైపు రైతుబిడ్డలం, అంటే పొలం పని తప్పించుకోవడానికే ఇంజినీరింగ్ చదివినవాళ్లం, హైదరాబాదు గదుల్లో కూచుని ఒక్కుమ్మడిగా నాగలి పట్టాం. స్ట్రాబెర్రీ నాలుగు గంటల్లో కోతకొస్తుంది. వరికి పన్నెండు గంటలు. బాపట్లవాళ్ల 5204, అదే సాంబ మసూరి, ఐదు నెలలు కాపలా కాసే మా నాన్నకి ఈ మాట చెబితే విత్తనం ఎక్కడిస్తున్నారో కనుక్కోమన్నాడు. నారు పొయ్యక్కర్లేదు, కూలీల కోసం తెల్లారగట్ట ఇళ్లెంట తిరగక్కర్లేదు, ఇంకో నాలుగు రోజుల్లో కోతనగా వరిచేలో మినుములు చల్లక్కర్లేదు. దోమపోటు రాదు. ఎలకలు కొట్టవు. దారి తప్పిన గోధుమరంగు ఆవు మన మడిలోకొస్తే బందెలదొడ్డికి తోలరు, ఎవరికైనా కావాలా అని ముద్దుగా ఫోటో పెడతారు. పక్క పొలంవాడు పిలవకుండానే వచ్చి ఎరువు చల్లిపోతాడు. మా ఊళ్లో పక్క పొలంవాడు రాత్రిళ్లు వచ్చి చేసే పని వేరు, గట్టు జానెడు మనవైపు జరుపుతాడు.

ఈ సేద్యంలో జాగ్రత్త ఒక్కటే, సొంత పొలం మధ్యలో అడ్డం రాకుండా చూసుకోవాలి. నేను చూసుకోలేకపోయాను. 2009 అక్టోబరు తొలివారంలో కృష్ణకి వరదొచ్చి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అర్ధరాత్రి దాటాక కరకట్ట మీద నుంచి నాన్న ఫోను.

"పడుకోలా? ఏం చేస్తన్నావు?"

"కోత..." అనబోయి నాలిక్కరుచుకున్నాను.

"లంకలో మన అరటితోట మీంచి పడవ పోతందిరా. గెలలు గూడా కనపడట్లా" అన్నాడు. పక్కనెవరో టార్చిలైటు ఇటు కొట్టమని అరుస్తున్నారు. ఆ తర్వాత కాసేపు నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

ఆ రాత్రి ఆట ముట్టుకోలేదు. పొద్దున చూస్తే స్ట్రాబెర్రీలన్నీ వాడిపోయున్నాయి. గుడివాడలో ఉండే మా బావ నాకంటే ముందే చూసి, "బావా, నీ పంట పోయింది, చూసుకున్నావా?" అని అందరికీ కనపడేలా రాశాడు. కింద పదకొండు మంది అయ్యో అన్నారు. తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు, ఒకాయన ఎవరో బ్రెజిల్ మనిషి కూడా. ఆ పదకొండు అయ్యోలూ అరటితోట ఖాతాలో జమ వేసుకున్నాను.

ఆటలో గెలిచినప్పుడు స్టేటస్ పెట్టేవాళ్లు పంచాంగం చూసుకుని పెట్టడం మంచిది. 2019లో పబ్జి జోరు మీదుండగా మా పిన్ని కొడుకు ఒక సోమవారం రాత్రి నెగ్గాడు. నెగ్గినవాడికి తెర మీద 'విన్నర్ విన్నర్ చికెన్ డిన్నర్' అని పడుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. కార్తీక సోమవారం. నక్షత్రం చూసి ఉపవాసం విడిచిన పెద్దమ్మ నిద్రపోయే ముందు ఫోను తిరగేస్తే ఇది కనపడింది. అరగంటలో బందరు నుంచి అవనిగడ్డ దాకా బంధువులందరికీ కబురు పాకింది. "కోడిని తిన్నాడే అనుకో, ఊరందరికీ చెప్పుకోవాలా?" అని ఆవిడ బాధ. తినలేదమ్మా, అది తుపాకీ ఆట అని వాడు వివరించబోతే, "ఎంతమందిని చంపితే పెట్టారురా ఆ భోజనం?" అనడిగింది. వాడు నిజాయితీపరుడు, తొమ్మిదిమంది అని చెప్పాడు. అక్కడితో ఫోను పెట్టేసింది. మరుసటేడు సెప్టెంబరు 2న కేంద్రం పబ్జితో కలిపి 118 యాప్‌లని నిషేధించింది. దేశభద్రత కోసమని అందరూ అన్నారు. మా ఇంట్లో మాత్రం అది పెద్దమ్మ మొక్కు ఫలించడమే. ఇది మా ఒక్క ఇంటి గొడవ అనుకోకండి. 2016లో పోకెమాన్ గో ఆటలో గుళ్ల దగ్గర గుడ్లు దొరుకుతున్నాయని గుజరాత్ హైకోర్టు దాకా వెళ్లారు.

బందరు లడ్డూ ఫోటో పెట్టేవాళ్లకి చెప్పేది ఏమీ లేదు. తొక్కుడు లడ్డు వాసన తెర దాటదు. ఫోటో తీసేలోగా పక్కవాడు తినేస్తాడు. అంతే.

ఇక దాచుకోవడం గురించి. పెట్టిన ఫోటోలు, పండించిన పంటలు ఎక్కడికీ పోవని ఈ లోకాలవాళ్లు నమ్మకంగా చెబుతారు. నమ్మండి. అడోబీవాళ్ల ఫ్లాష్ ఆగిపోవడంతో ఫార్మ్‌విల్ 2020 డిసెంబరు 31న మూతపడింది. పదకొండేళ్ల మా కమతాలు, ఎర్ర పెంకుల ఇల్లు, దారి తప్పొచ్చిన ఆవు, అన్నీ తెల్లారేసరికి లేవు. నాన్నకి చెబితే, "పొలం ఎవరన్నా కొన్నారా?" అన్నాడు. లేదు, పోయిందన్నాను. "పట్టా ఉందా?" అన్నాడు. లేదన్నాను. ఇంక మాట్లాడలేదు.

ఆయన అలా ఊరుకోవడానికి కారణం ఉంది. మా ఇంట్లో 1977కి ముందు ఫోటో ఆ విమానం ఫోటో ఒక్కటే. ఆ ఏడు నవంబరు 19 ఉప్పెన సర్కారు లెక్కలోనే పదివేలకి పైగా మనుషుల్ని తీసుకుపోయింది. మా ఇంట్లో మనుషులు మిగిలారు, ట్రంకు పెట్టె మిగల్లేదు. పెళ్లిఫోటో, తాతయ్య సంతకమున్న కాగితాలు, నాన్న ఇస్కూలు ఫోటో అన్నీ ఆ పెట్టెలోనే. విమానం ఫోటో మాత్రం రెండు కాపీలు కడిగించి, ఒకటి గుడివాడలో ఉన్న చెల్లెలికి ఇచ్చింది నాయనమ్మ. ప్రేమతో కాదు, తను విమానం ఎక్కినట్టు చెల్లెలికి తెలియాలని. ఉప్పెన వెళ్లాక ఆ చెల్లెలు బియ్యం మూటతోపాటు ఫోటో కూడా పంపింది. బ్యాకప్ ఎలా చేసుకోవాలని కుర్రాళ్లు అడిగితే నేను చెప్పేది ఒకటే: ఒక కాపీ గుడివాడలో ఉంచండి, అదీ మీరంటే కాస్త అసూయ ఉన్న మనిషి దగ్గర.

ఆఖరిగా, పెద్దవాళ్లకి ఈ లోకాలు చూపించాల్సి వస్తే ఏం చెయ్యాలో చెబుతాను. చూపించకండి.

మా అక్క కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, పదకొండేళ్లు. మైన్‌క్రాఫ్ట్ ఆటలో తాతయ్య పొలం కట్టాడు. ఫోటోల్లో చూసింది, వేసవిలో వచ్చి వెళ్లింది గుర్తుపెట్టుకుని గళ్లు గళ్లుగా పేర్చాడు. పెంకుటిల్లు, గడ్డివాము, తాటిచెట్టుకి బదులు ఇంకేదో చెట్టు. వీడియో కాల్‌లో చూపించాడు. నాన్న కళ్లజోడు తుడుచుకుని తనిఖీకి కూచున్నాడు.

"గోధుమ వేశావేంట్రా?"

"ఇందులో వరి ఉండదు తాతయ్యా."

"పోన్లే. నీళ్లెక్కణ్ణించి?"

వాడు ఉత్సాహంగా చెప్పాడు. కాలవ పక్కన నాలుగు గళ్ల దాకా నేల దానంతటదే తడుస్తుంది. గొయ్యి తవ్వి ఎదురెదురు మూలల్లో రెండు బకెట్లు పోస్తే చాలు, ఎంత తోడినా తరగవు. నాన్న నా వైపు చూశాడు. బెజవాడలో వదిలిన నీళ్లు పులిగడ్డ అక్విడెక్టు మీదుగా ఏరు దాటి శివారు పొలాలకి చేరేసరికి వాటికి ఆయాసం వస్తుంది. జూన్‌లో వదిలారంటే జులైలో అడుగుతాం. రెండు బకెట్లతో తరగని నీళ్లన్న మాట ఆయన మనవడి నోట విన్నాడు. కాసేపటికి తేరుకుని, "మురుగు కాలవ ఏదిరా?" అన్నాడు.

వాడికి అర్థం కాలేదు. వచ్చిన నీళ్లు ఎటు పోతాయని అడుగుతున్నాడని నేను చెప్పాను. వాడు అక్కడికక్కడే పారతో చేను పొడవునా తవ్వుకుంటూ పోయాడు. వాడి పనితనం నాన్నకి నచ్చింది. తూము ఎక్కడ పెట్టాలో, గట్టు ఎంత ఎత్తుండాలో చెబుతూ అలా గంటసేపు చేయించాడు. డల్లాస్‌లో తెల్లారిపోతోంది. అక్క వెనక నుంచి బడికి టైమైందని అరుస్తోంది.

మర్నాడు వాడు ఫోటో పంపాడు. నాన్న ఫోను దగ్గరికీ దూరానికీ పెట్టుకుని చూసి, "అంతా బానే ఉంది గానీ, ఇది మన కాలవ కాదురా" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఎందుకు కాదని వాడు. గుర్రపుడెక్క ఏదని ఈయన. ఆ ఆటలో గుర్రపుడెక్క లేదట. వెతగ్గా వెతగ్గా నీళ్ల మీద తేలే తామరాకు లాంటిది దొరికితే, కాలవ ఈ చివర నుంచి ఆ చివర దాకా చుక్క నీరు కనపడకుండా కప్పేశాడు. మళ్లీ ఫోటో.

నాన్న ఈసారి దాన్ని నలుగురికీ చూపించాడు. తర్వాత మనవడికి మెసేజ్ పెట్టాడు.

"ఆ, ఇప్పుడు అచ్చం మనదే. ఇంక నీళ్లు రావు, నువ్వు పడుకో."