డిస్క్ నూరు శాతం

పోయిన దసరాకి లక్షా డెబ్బై వేలు పెట్టి లాప్‌టాప్ కొన్నాను. పద్దెనిమిది వాయిదాలు, నెలకు పది వేల పైచిలుకు. "పాత మెషిన్ మీద పని చేస్తే పబ్లిషర్లు ఒప్పుకోవట్లేదు" అని మా ఆవిడతో చెప్పాను. అది అబద్ధం. నన్నెవరూ ఆ మాట అనలేదు.

నేను చేసేది అనువాదాలు, ప్రూఫులు. రోజంతా తెలుగు టైపు చేస్తాను, పక్కన నాలుగు నిఘంటువులు తెరిచి ఉంటాయి. ఆరేళ్ల నాటి లాప్‌టాప్ ఆన్ చేసి, వంటింట్లోకి వెళ్లి, టీ పెట్టుకుని వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉండేది. టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ, అంటే ప్రాసెసర్, 12 శాతం, డిస్క్ 100 శాతం. ఆ నూరు దగ్గర గడి ఎర్రబారి ఉండేది. నెలల తరబడి దాన్ని చూశాను. ఏం చెబుతోందో ఒక్కరోజూ ఆలోచించలేదు.

అందులో ఉన్నది నిమిషానికి 5400 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్, అంటే సెకనుకు 90. కావలసిన ముక్క ఎక్కడుందో అక్కడికి చదివే ముల్లు జరగాలి, ఆ ముక్క తిరిగి తిరిగి ముల్లు కిందికి రావాలి. ఒక్కో ముక్కకు పోయేది సెకనులో నూరో వంతుకు పైనే. విండోస్ తెరుచుకోవడానికి అలాంటి ముక్కలు వేలు కావాలి. ప్రాసెసర్‌కు ఏ లోటూ లేదు, పాపం అది డిస్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చునేది. నేను మాత్రం కొత్త ప్రాసెసర్ల గురించి రాత్రి ఒంటిగంట దాకా చదివాను. 120 హెర్ట్జ్ తెర, 4కె వీడియో ఎన్ని నిమిషాల్లో తయారవుతుంది, అన్నీ నోటికి వచ్చేశాయి. నా జన్మలో ఒక్క వీడియో ఎడిట్ చేయలేదు. పెళ్లి వీడియోలు చేసే మా మేనల్లుడు అంత ఖరీదైనదే కొన్నాడు, వాడికి రెండు రోజుల పని ఒక పూటలో అయిపోతోంది. వాడికది దండగ కాదు.

కొనే ముందు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లాను. రిపేరు కుర్రాడు వెనక మూత తీసి చూశాడు. "ఈ హార్డ్ డిస్క్ తీసి ఎస్సెస్‌డీ ఏస్తా సార్, ఇంకో ఎనిమిది జీబీ ర్యామ్ పెడ్తా. నాలుగు వేలు. ఇంకో మూడేండ్లు నడుస్తది. మీ పనికి కొత్తదెందుకు?" అన్నాడు. మీ పనికి అన్న మాట నాకు గుచ్చుకుంది. నా పని అంత చిన్నదా అనిపించింది. ఆ సాయంత్రమే కొత్తదానికి ఆర్డరు పెట్టాను. నాకు కావలసింది వేగం కాదు, ఆ మాటకు జవాబు.

కొత్తది వచ్చి వారం తిరక్కుండా ఒక పబ్లిషర్ దగ్గర్నుంచి పాత పుస్తకం పునర్ముద్రణకు వచ్చింది. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో చేసిన ఫైలు, తెలుగు అను ఫాంట్లు. కొత్త మెషిన్‌లో విండోస్ లేదు, అందులో ఆ ఫైలు తెరుచుకోదు. ఈ ఒక్క సంగతి ముందే కనుక్కోవలసింది, కనుక్కోలేదు. పాతదాన్నే మళ్లీ బయటికి తీశాను. చివరికి అదే కుర్రాడి దగ్గరికి వెళ్లి ఎస్సెస్‌డీ వేయించాను. కౌంటర్ మీదే ఆన్ చేశాడు. ఇరవై సెకన్లలో నా ఫైళ్లు తెర మీదికి వచ్చాయి. నాకు సంతోషం కలగలేదు, కాళ్లూ చేతులూ ఆడలేదు.

నన్ను ఇప్పటికీ తొలిచేది డబ్బు కాదు. మా ఆవిడ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, కాలితో తొక్కే మిషన్. మోకాళ్లు నొప్పి, మోటారు వేయిద్దామండీ అని లాప్‌టాప్ కొనే ముందు వేసవిలోనే అడిగింది. రెండు వేల ఖర్చు. "వచ్చే నెల చూద్దాంలే" అన్నాను. ఆ వచ్చే నెలల్లోనే నా వాయిదాలు మొదలయ్యాయి. ఆమె మళ్లీ అడగలేదు.

మొన్న ఆదివారం నిజం చెప్పాను. పబ్లిషర్లు అడగలేదని, నేనే కల్పించానని. సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది. "ఇంకెన్ని వాయిదాలున్నాయండీ?" అంది. ఏడు అన్నాను. మళ్లీ కుట్టులో పడింది.

మర్నాడు మోటారు తెచ్చి బిగించాను. బెల్టు కొంచెం వదులుగా ఉందంది. వంగి మళ్లీ బిగించాను.