ఒక్క కమాండు చాలట!

లైనక్స్‌లో కూర్చుని విండోస్‌కి ప్రోగ్రాం బిల్డ్ చేయడం ఐదు నిమిషాల పనట. ఉబుంటులో ఒక ప్యాకేజీ దించుకుని, ఒక్క కమాండు కొడితే ఈఎక్స్‌ఈ ఫైలు చేతికొస్తుందట. చెప్పేవాళ్లంతా చివర్న "అంతే!" అంటారు. ఆ "అంతే" నమ్మి నేను మూడు ఆదివారాలు పోగొట్టుకున్నాను.

వాళ్లు అబద్ధమాడారని అనలేను. ఫైలు వస్తుంది. ఎటొచ్చీ నడవదు.

క్రాస్ కంపైలింగ్ అంటే మన వంటింట్లో వండి వియ్యాలవారింట్లో వడ్డించడం. పొయ్యి మనది, నాలుక వాళ్లది. ఈ ముక్క ముందే చెబితే సగం తిప్పలు తప్పేవి. కానీ అది చెప్పాలంటే ఐదు నిమిషాలు చాలవు కదా!

పేర్లతోనే మొదలవుతుంది ఇబ్బంది. దించుకోవలసిన సరంజామా పేరు మింగ్‌డబ్ల్యు. మింగుడుపడదు. అందులోని కంపైలర్ పూర్తి పేరు ఎక్స్86_64-డబ్ల్యు64-మింగ్‌డబ్ల్యు32-జీసీసీ. 64 బిట్ ప్రోగ్రాములు తయారుచేసేదాని ఒంటిమీద ఆ 32 ఏమిటని అడగకండి, అది పాత ఇంటిపేరు. అవతలి ఇంట్లో మాత్రం తక్కువా? 64 బిట్ విండోస్‌లో 64 బిట్ డీఎల్ఎల్‌లు ఉండే ఫోల్డర్ పేరు సిస్టం32. 32 బిట్‌వి ఉండేది సిస్‌వావ్64. చదువుకున్నవాడే ఇక్కడ ముందు పడతాడు. ఇది చాలదన్నట్టు కాన్ఫిగర్ స్క్రిప్టు దగ్గర "హోస్టు" అని ఒక మాట. వంట చేస్తున్న మన యంత్రమే హోస్టనుకుంటాం. కాదు, మనది "బిల్డ్". ప్రోగ్రాం రేపు నడవబోయే యంత్రం "హోస్టు". ఖర్చు మనది, ఆతిథ్యం వాళ్ల పేరున.

కోడులో విండోస్.హెచ్ అనే హెడర్ని పెద్ద డబ్ల్యుతో రాశారా? అక్కడ పెద్దాచిన్నా పట్టింపు లేదు. మన లైనక్స్‌కి మహా మడి. చిన్న డబ్ల్యు అయితేగాని ఫైలు ముట్టుకోదు.

ఇక లైబ్రరీలు. ఫలానా లైబ్రరీ ఎక్కడుందని పీకేజీ-కాన్ఫిగ్‌ని అడిగితే ఠక్కున జవాబు చెబుతుంది. వియ్యాలవారి అల్మరా తెరవమంటే మన అల్మరా తెరిచి, లైనక్స్ లైబ్రరీని చూపిస్తుంది. వెతకాల్సిన చోటు వేరని మనమే చెప్పాలి. చెప్పాలని మనకెవరూ చెప్పరు.

అన్నీ దాటి ఫైలు పుట్టి, విండోస్‌కి చేరాక అసలు భాగవతం. రెండుసార్లు క్లిక్ చేయగానే "లిబ్‌జీసీసీ_ఎస్_ఎస్ఈహెచ్-1.డీఎల్ఎల్ కనబడలేదు" అని పెట్టె తెరుచుకుంటుంది. దాన్ని తెచ్చిపెడితే లిబ్‌ఎస్‌టీడీసీ++-6 అంటుంది. అదీ తెస్తే లిబ్‌విన్‌పీథ్రెడ్-1. సారె కావిడి పంపి మిఠాయి ఇంట్లోనే వదిలేసినట్టు! ఈ సమయంలో ఒక మహానుభావుడు తప్పకుండా ప్రత్యక్షమై, "గూగుల్లో ఆ డీఎల్ఎల్ పేరు కొట్టి ఎక్కడ దొరికితే అక్కడ దించుకో" అంటాడు. దారినపోయేవాడు ఇచ్చిన మందు మింగడం ఇంతకంటే నయం. ఆ మూడూ మీ కంపైలర్‌తోపాటు మీ డిస్కులోకే వచ్చాయి. అక్కణ్ణుంచే తీసి ప్రోగ్రాం పక్కన పెట్టండి, లేదా లింక్ చేసేటప్పుడు స్టాటిక్ ఫ్లాగు ఇచ్చి లోపలే కలిపేయండి. ఏయే డీఎల్ఎల్‌లు కావాలో ఆబ్జ్‌డంప్‌కి మైనస్ పీ ఇచ్చి అడిగితే పంపకముందే జాబితా చదువుతుంది. ఈ ఒక్క వాక్యం కోసమే నా రెండో ఆదివారం హారతి కర్పూరమైంది.

మూడోది లాంగ్ టైపుకి బలి. 64 బిట్ లైనక్స్‌లో దాని సైజు 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4. ఎర్రరు లేదు, పెట్టె లేదు. రెండు జీబీ దాటిన ఫైలు సైజు మైనస్‌లో కనబడింది, అంతే!

అన్నట్టు, పొరుగింటికి పంపడమూ సులువనుకోకండి. ఉబుంటు 22.04లో బిల్డ్ చేసింది 20.04లో తెరిస్తే జీలిబ్‌సీ కొత్తది కావాలని మొరాయించవచ్చు. ఇక్కడున్నది 2.35, అక్కడున్నది 2.31.

ఐదు నిమిషాల గురువులకు ఒకటే విన్నపం. "అంతే!" అని రాసేముందు, ఆ ఈఎక్స్‌ఈని కంపైలర్ ముఖమే చూడని ఒక విండోస్ యంత్రంలో ఒక్కసారి తెరిచి చూడండి.