కార్డుంది... ఓటుకు కాదు!

ఉప్పల్, నాచారం కుర్రాళ్లకు గుర్తింపు కార్డు విలువ తెలియదనడం అన్యాయం. పణజిలో మాండవి నదిపై తేలే క్యాసినోల్లోకి 21 ఏళ్లు నిండితేనే ప్రవేశం. అందుకే గోవా బస్సెక్కేముందు ఆధార్ ఒరిజినల్ పర్సులో, జిరాక్స్ బ్యాగులో, డిజిలాకర్ ఫోన్లో!

మరి 2024 మే 13, లోక్‌సభ పోలింగ్ నాడో? సోమవారం సెలవు, శని, ఆదివారాలు కలిసొచ్చాయి. ఆధార్, పాన్, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు... ఏది తెచ్చినా సరేనంది ఎన్నికల సంఘం. అయినా "కార్డు కనబడ్తలేదన్నా" అన్నవాళ్లకు కొదవా? కనబడదు మరి, అది గోవాలో క్యూ కట్టింది!

ఈసారి పోలింగ్ బూత్ గేటుకు ఇద్దరు బౌన్సర్లను నిలబెట్టి, "కార్డు లేనోళ్లకు ఎంట్రీ లేదు" అని బోర్డు పెడితే సరి. ఎగబడి వస్తారు!