గిరీశం గారికి మడికొండ పిలుపు

అయ్యా గిరీశం గారూ,

'కన్యాశుల్కం' నాటకంతో విజయనగరంలో మీరు తొలిసారి రంగమెక్కింది 1892లో. ఇన్నేళ్లయినా మీ విద్యకు గిరాకీ తగ్గలేదు. నమ్మకపోతే మా మడికొండ వచ్చి చూడండి. కాజీపేటలో రైలు దిగి హైదరాబాద్ రోడ్డు పట్టుకుంటే వచ్చేదే. మెట్టుగుట్ట మీద రామలింగేశ్వరుడున్నాడు, 2020 నుంచి ఐటీ కంపెనీలూ ఉన్నాయి. దేవుడితో మీకు పనుండదు గానీ, ఐటీ పిల్లల పెళ్లి సంబంధాలంటే అచ్చంగా మీ శాస్త్రమే.

మీ పనితనం తక్కువదా! మీ శిష్యుడు వెంకటేశం పరీక్ష తప్పాడు. ఆ తప్పును కప్పిపుచ్చే వంకతో కృష్ణరాయపురం అగ్రహారంలో వాళ్లింట్లో మకాం పెట్టారు. నాలుగు ఇంగ్లీషు ముక్కలకు వాడి తల్లి వెంకమ్మ మురిసింది, కోర్టు కాగితాల సాయానికి తండ్రి అగ్నిహోత్రావధాన్లు మెత్తబడ్డాడు. వాళ్ల కూతురు, విధవరాలు బుచ్చమ్మ దగ్గరికొచ్చేసరికి సంఘ సంస్కరణ బయటికి తీశారు. అది చాలకపోతే చెల్లెలి మీద ఆమెకున్న ప్రేమను పట్టుకున్నారు: నువ్వు నాతో వస్తే సుబ్బి పెళ్లి ఆగుతుందన్నారు.

సుబ్బి సంగతి మరీ వింత. తండ్రి పద్దెనిమిది వందలకు ముసలి లుబ్ధావధాన్లకిచ్చేస్తానంటాడు. దాన్ని తప్పించడానికి మేనమామ కరటకశాస్త్రి శిష్యుడికి చీర కట్టి అదే ముసలాయనకు అమ్ముతాడు. వేశ్య మధురవాణి అందరి జుట్టూ గుప్పిట్లో పెట్టుకుంటుంది. (ఆమెను నేనేమీ అనను. ఆమెకు ఉన్న ఆస్తల్లా తెలివే.) చివరికి వకీలు సౌజన్యారావు పంతులంత మంచివాడు కూడా, బుచ్చమ్మ పూనా వితంతు శరణాలయానికి పోవాలని తనే తీర్మానిస్తాడు. దొంగలూ దొరలూ కలిసి ఆడపిల్లల బతుకులు సర్దుతుంటే మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. 1955లో సినిమాలో మీ వేషం ఎన్టీ రామారావు కట్టాక మీరు ఏకంగా కథానాయకుడే అయిపోయారు.

ఇప్పుడు మా ఊరి ముచ్చట. మీ కాలంలో పిల్లకు వెల కట్టేవాళ్లు, మేం పిల్లగాడికి కడుతున్నాం. 1961లో చట్టం వద్దంది కాబట్టి దాన్ని కట్నం అనం. లాంఛనాలంటాం, మా సంతోషం కొద్దీ పెడుతున్నామంటాం. నిశ్చితార్థం కాగానే అబ్బాయి అమ్మాయి ఫోను పాస్‌వర్డ్ అడుగుతాడు, ప్రేమ కొద్దీ. రాత్రి షిఫ్టు మానెయ్యమంటాడు, అదీ ప్రేమ కొద్దీనే. ఆమె తలడ్డంగా ఊపితే వంటింట్లోంచి తల్లి వస్తుంది: "నువ్వు ఒప్పుకోకుంటే నీ చెల్లె పెండ్లి ఎట్లయితది బిడ్డా?" గుర్తుపట్టారా? మీ పాచికే! మీరు చెల్లెలి పెళ్లి ఆపడానికి వాడితే, మేం చేయడానికి వాడుతున్నాం.

ఎవరైనా నిలదీస్తారేమోనని జంకకండి. రాసిన పుస్తకానికే 'నా గొడవ' అని పేరు పెట్టుకున్న కవి కాళోజీ పెరిగిన ఊరు మాది. సభల్లో ఆయన పేరు చెప్పి ఛాతీ విరుస్తాం. ఇంటికొచ్చాక ఆడపిల్ల తన గొడవ ఎత్తితే మాత్రం నోరు ముయ్యమంటాం. రెండూ మాకు బాగా అలవాటే.

వచ్చేదుంటే ముహూర్తాలు మొదలవకముందే రండి. ఆలస్యమైతే మీకు పని దొరకదు. ఇక్కడ ప్రతి ఇంట్లో ఒక గిరీశం ఉన్నాడు, వాడు మీలాగా దొరికిపోయే రకం కూడా కాదు.