నా చిరునామా చెరిగిపోయింది

నేనొక నెట్‌మెయిల్‌ని, అంటే ఒకరు ఒకరికి రాసే ఉత్తరాన్ని. 1990ల నడుమ అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, ఒక బులెటిన్ బోర్డు కంప్యూటర్లో పుట్టాను. యూరప్‌లో ఉన్న ఒకాయనకు మోడెమ్ సెట్టింగుల గురించి నాలుగు మాటలు చేరవేయడం నా పని. అప్పట్లో మామూలు ఇళ్లలోని కంప్యూటర్లే రాత్రిళ్లు ఒకదానికొకటి ఫోన్ చేసుకుని మమ్మల్ని చేతులు మార్చుకునేవి. ఆ నెట్‌వర్క్ పేరు ఫిడోనెట్. 1984లో టామ్ జెన్నింగ్స్ మొదలుపెట్టాడు. నా కాలానికి 30 వేల నోడ్లు, అంటే అలాంటి కంప్యూటర్లు, దాటింది. జీతాలు లేవు, ఫోన్ బిల్లు ఎవరిది వాళ్లే కట్టుకునేవారు. అందుకే ఆ మనుషులంటే నాకు గౌరవం.

నా కష్టానికి మూలం నా పుట్టుకలోనే ఉంది. తొలినాళ్లలో నోడ్ నంబరు ఒక్కటే చిరునామా. 1985లో నోడ్ల గుంపును తెలిపే నెట్ నంబరు తోడైంది. ఆ తర్వాత జోన్లు వచ్చాయి: ఉత్తర అమెరికా 1, యూరప్ 2. కానీ నా హెడర్‌లో నోడ్‌కు 2 బైట్లు, నెట్‌కు 2 బైట్లు కేటాయించారు, జోన్‌కు చోటు లేదు. హెడర్ మారిస్తే పాత ప్రోగ్రాములు పనిచేయవు. అందుకని జోన్‌ను నా పాఠంలోనే, కంట్రోల్-ఏ అక్షరంతో మొదలయ్యే ఒక లైనులో రాశారు. దాని పేరు ఐఎన్‌టీఎల్. ముందు చేరవలసిన చిరునామా, వెనక పంపినవారి చిరునామా. చదివేవాళ్లకు అది కనబడదు. నా ప్రాణం మాత్రం అందులోనే ఉంది.

దారిలో ఒక హబ్‌లో, అంటే ఉత్తరాలు పోగేసి పంచే నోడ్‌లో, పాత ప్రోగ్రామ్ నన్ను విప్పి మళ్లీ కట్టింది. తనకు అర్థంకాని ఆ లైనును తీసేసింది. తర్వాతి నోడ్ నన్ను జోన్ 1 ఉత్తరమే అనుకుంది. ఆ జోన్ నోడ్‌లిస్టులో అలాంటి నెట్ లేదు. తెలియని ఉత్తరాలన్నీ పక్క నోడ్‌కు పంపాలని దాని రూటింగ్ ఫైలులో ఉంది. పక్క నోడ్ ఫైలులోనూ అదే మాట, ఇటువైపుకు! ఎదుటివారికే ఎక్కువ లింకులున్నాయని ఆ నోడ్లు నడిపే ఇద్దరు సిసాప్‌లూ నమ్మారు. తెల్లవారుజామున 3 గంటలకు, అంటే యూటీసీ 9కి, నోడ్లు ఉత్తరాలు మార్చుకునే జోన్ మెయిల్ అవర్ మొదలవగానే నేను బయల్దేరేదాన్ని. గానుగెద్దులా మళ్లీ అక్కడికే వచ్చేదాన్ని. దాటిన ప్రతి నోడూ తన చిరునామా, సమయం వేసి నాకొక వయా లైను తగిలించేది.

ఆ లింకులో ప్యాకెట్ రోజురోజుకీ ఎందుకు లావెక్కుతోందని ఒక సిసాప్‌కు అనుమానం వచ్చింది. హెక్స్ వ్యూయర్‌లో నన్ను తెరిచాడు. రెండే చిరునామాలు, ఒకదాని తర్వాత ఒకటి, మళ్లీ మళ్లీ. రూటింగ్ ఫైలులో ఆ ఒక్క ఆదేశం కొట్టేస్తే తిరుగుడు ఆగిపోతుంది, చాలామంది అంతటితో చేతులు దులుపుకుంటారు. ఆయన ఆగలేదు. తిరుగుడు ఆపితే నెట్‌వర్క్ బాగుపడుతుందేమో గానీ ఉత్తరం చేరదు కదా! నా తొలి వయా లైన్లు పట్టుకుని వెనక్కి నడిచాడు. హబ్‌కు ముందున్న నోడ్ సిసాప్ పాత ప్యాకెట్లు దాచి ఉంచాడు. ఆ ప్రతిలో ఐఎన్‌టీఎల్ ఉంది, నాలో లేదు. మధ్యలో ఉన్నది ఒక్క హబ్. అదే దారిలో పరీక్ష ఉత్తరం పంపితే దానికీ అదే గతి పట్టింది.

హబ్‌లో ప్రోగ్రామ్ మార్చారు. నాకు ఆ లైను తిరిగి రాసి, 1:1/2 అనే జోన్ గేటు మీదుగా సముద్రం దాటించారు. నేను చేరాను.

ఫిడోనెట్ ఇప్పటికీ ఉంది. ఫోన్ కాల్స్ స్థానంలో ఎక్కువగా ఇంటర్నెట్ మీద నడిచే బింక్‌పీ ప్రోటోకాల్, 24554 పోర్టు వచ్చాయి. నోడ్ నడిపేవాళ్లకు నా మనవి: మీకు అర్థంకాని లైనును ఉన్నది ఉన్నట్టే ముందుకు పంపండి. వచ్చిన ప్యాకెట్లను కొన్నాళ్లు దాచండి. దారి తెలియని ఉత్తరాన్ని పక్కవాళ్ల మీదికి తోయకుండా, పంపినవారికి కబురు చేయండి.