ఒక దఫ్తరపు ఆత్మకథ

సాతంరాయి గ్రామమున ఒక పాత పట్వారీ యింటి అటుకపై, ఎఱ్ఱగుడ్డలో మూటగట్టబడి యున్న ఊరిలెక్కల దఫ్తరమును నేను.

నా పేరు నాకంటె మిక్కిలి వృద్ధమైనది. పదునుపెట్టిన తోలును గ్రీకులు దిఫ్థెరా యనిరి. పూర్వము మేకతోళ్లపైనను గొఱ్ఱెతోళ్లపైనను వ్రాసిన యలవాటుచే అయోనియావారు పపైరసు చుట్టలను సైతము తోళ్లనియే పిలిచెడివారని హెరొడోటసు వ్రాసెను. ఆ పదమే ఎన్నియో నోళ్ల నలిగి, పారసీకమునకును అరబ్బీకిని ఉమ్మడిసొత్తై, అరబ్బులకు వ్రాతపుస్తకముగను, పారసీకులకు పుస్తకముగను కార్యాలయముగను, రూమీ మస్నవీలోని ఆఱు సంపుటములకు ఆఱు దఫ్తరులుగను వెలసి, దక్కనుకు వచ్చి, మరాఠీ సీమలో బడిపిల్లల పుస్తకాల సంచియై, తెలంగాణమున ఇటు కచేరికిని అటు పట్వారీ కాగితాల కట్టకును పేరై నిలిచెను. 1884లో హైదరాబాదు రాజ్యమున పారసీకము తొలగి ఉర్దూ రాజభాషయైనప్పుడును ఆ పేరు చెక్కుచెదరలేదు.

నాలో ఖాస్రా పహాణీ యున్నది. 1949లో జాగీర్లు రద్దైన పిదప, 1954-55లో సిద్ధపఱచిన ఆ లెక్కలో పట్టాదారు పేరొక గడిలోను, నేలను దున్నువాని పేరు వేఱొక గడిలోను ఎక్కెను. అక్షరము రాని యొక కౌలుదారు తన పేరు చదివించుకొని విని, మఱల నొకమాఱు చదువుమని వేడిన దినము నాకు నేటికిని గర్వకారణము.

1984లో పట్వారీ పదవులు రద్దయ్యెను. అప్పగింతలలో కొన్ని కట్టలు కచేరికి బోగా, నేను అటుకపైననే మిగిలితిని. పెంకుల సందున వాన కాఱి నా సిరా అలికిపోయెను. చెదలు అంచుల నుండి లోనికి నడచెను. ఏండ్లు గడచినను ముడి విప్పి చూచినవారు లేరు. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెఱవబడి, చుట్టుపట్ల నేలధర పెరిగిన పిమ్మట నేను గుర్తుకు వచ్చితిని. వచ్చినవారు తడివ్రేళ్లతో పుటలు త్రిప్పిరి. కావలసిన యాకును చింపుకొని పోయిరి. విప్పిన ముడియైనను మరల వేయరైరి. ఆ చిరిగినచోట ఏ కౌలుదారు పేరుండెనో నేనెఱుగుదును. చెప్పుటకు నాకు నోరు లేదు.

2020లో ధరణి యను కంప్యూటరు భూలెక్కల పోర్టలు వచ్చెను; అందు అనుభవదారు గడి లేకపోయెను. అది నా పుటలలో నున్నది. తార్నాకలోని రాజ్య అభిలేఖాగారమున షాజహాను కాలపు కాగితములే పదిలముగ నుండగా, డెబ్బదియేండ్ల యీ యాకులను చెదలకు విడువనేల? ముడి విప్పి, నీడపట్టున ఆరనిచ్చి, దున్నినవాని పేరున్న పుటలకైనను ముందుగా నకలు తీసికొనుడు.