ఆడపిల్లను చదివించినట్టు కనిపించడం ఎలా? సీఎస్ఆర్ బృందాలకు ఏడు చిట్కాలు

మార్చి వచ్చేసింది, ఆర్థిక సంవత్సరం ముగుస్తోంది. లాభాల్లో 2 శాతం సీఎస్ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యత) కింద సమాజానికి ఖర్చు పెట్టాలని పెద్ద కంపెనీలకు 2014 నుంచి చట్టం ఉంది కాబట్టి, హైటెక్ సిటీలో ఏ అద్దాల మేడ ఎక్కినా ఒకటే మాట: "పల్లెటూరి ఆడపిల్లలకి ఏదైనా చేద్దాం." చేయండి. కాకపోతే ఆ పిల్ల నిజంగానే చదువుకుని పేదరికంలోంచి బయటపడే ప్రమాదం ఉంది. అందుకే ఈ జాగ్రత్తలు.

1. రెండో శనివారం వెళ్ళండి. బడికి సెలవు కాబట్టి లెక్కల మాస్టారు ఉన్నారా, మరుగుదొడ్డిలో నీళ్ళొస్తున్నాయా అనే గొడవ ఉండదు. బ్యాగులు పంచండి. లోగో వీపు నిండా ఉండాలి. ఏడో తరగతిలో ఉన్న ఆడపిల్లలు ఎనిమిదిలో ఎందుకు తగ్గారని మాత్రం అడక్కండి.

2. దూరపు ఊరే ఎంచుకోండి. కోకాపేటలో 2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ చుట్టుపక్కల మేడలు కట్టే కూలీల పిల్లలు రేకుల షెడ్ల ముందు తమ్ముళ్ళను ఎత్తుకుని కనిపిస్తారు. అటు చూడొద్దు. "వలసొచ్చినవాళ్ళు, ఆరు నెలల్లో పోతారు, బళ్ళో వేసి ఏం లాభం" అనుకోండి. ఇలా ఆరేసి నెలల చొప్పున పది సైట్లు తిరిగేసరికి ఆ పిల్లకి బడి ఈడే దాటిపోతుంది.

3. ఎంవీ ఫౌండేషన్ పేరు మీటింగులో ఎత్తకండి. శాంతా సిన్హా స్థాపించిన ఆ సంస్థ 1991 నుంచి, మీ ఆఫీసున్న ఈ రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనే తిరిగి, బడిలో లేని పిల్లలంతా బాలకార్మికులే అని తేల్చేసింది. పశువులు కాసేవాళ్ళనీ, పొలం కూలికి పోయే ఆడపిల్లల్నీ శిబిరాల్లో ఉంచి చదివించి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టింది. కన్నవాళ్ళు పేదవాళ్ళే, అయినా పంపారు. 2003లో సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది. ఇదంతా బయటికొస్తే "పాపం, ఆ కూలి డబ్బు లేకపోతే ఇల్లెలా గడుస్తుంది" అన్న మీ మాట చెల్లదు.

4. ఇంటికే తెచ్చుకోండి. "మా పిల్లలాగే చూసుకుంటాం, చదివిస్తాం" అని పాలమూరు నుంచి పన్నెండేళ్ళ పిల్లను కొండాపూర్ ఫ్లాటుకు రప్పించండి. 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనికి పెట్టుకోవడం నేరం కాబట్టి "పని" అనకండి, "పాపకి తోడు" అనండి. బడి సంగతి జూన్‌లో చూద్దామనండి. ఏ ఏడు జూనో చెప్పకండి.

5. పల్లెటూరి పిల్ల పది పాసైందంటే అసలు జాగ్రత్త అప్పుడే. రాత్రి షిఫ్టు చేసిన మహిళా ఉద్యోగిని కంపెనీ క్యాబు గుమ్మం దాకా దింపితే అది భద్రత. జూనియర్ కాలేజీ నుంచి చీకట్లో మూడు కిలోమీటర్లు నడిచొచ్చే పిల్లది పట్టుదల. మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్ళకు బస్సు ఛార్జీ లేదు సరే, సాయంత్రం ఆ ఊరికి బస్సే లేదని డిపో మేనేజరుకి ఉత్తరం రాయకండి. అదే పిల్ల పెళ్ళికి సాయమడిగితే మాత్రం అక్కడికక్కడే పాతిక వేలు ఇవ్వండి.

6. స్లైడులో మాలావత్ పూర్ణ ఫొటో పెట్టండి. 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక. కింద "సంకల్పం ఉంటే చాలు" అని రాయండి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిందని రాయకండి. గురుకులమంటే ఏడాది పొడవునా తిండి, పడక, పాఠం, అన్నీ ఖర్చే. సంకల్పానికి బడ్జెట్ అక్కర్లేదు.

7. నివేదికలో బ్యాగులు లెక్కపెట్టండి. ఇంటర్ దాటిన ఆడపిల్లల్ని లెక్కపెట్టాలంటే అదే ఊరికి ఏడెనిమిదేళ్ళు పోతూ ఉండాలి. అన్నాళ్ళు మీరు ఆ కంపెనీలో ఉండరు. నిరుటి పిల్లలేరీ అని ఎవరైనా అడిగేలోపు, వేరే ఊరు చూసుకోండి.